ముందే రాసిపెట్టిన జవాబులు

ఈ లిఫ్టు తలుపు మీద మరమ్మతు అని కాగితం అతికించి రెండు వేసవులైంది, కాగితం పచ్చబడింది గాని మరమ్మతు చేసేవాడి జాడ లేదు, మూడో అంతస్తుకి నడిచే ఎక్కాలి, నలభై ఎనిమిదేళ్లకే ఇదేం మోకాలు అని రఫీకా తన్ను తానే తిట్టుకుంటూ కమ్మీ పట్టుకుంది, ఇందాక పదిన్నరకి కింద తన గదిలో కూర్చుని ఒక్కసారి ఎంటర్ నొక్కింది, ట్యునీషియాలోని ఈ స్ఫాక్స్ ఊరి సాహిత్య కళాశాలలో నలభై కంప్యూటర్లూ మనిషి చెయ్యి తగలకుండా పాతది చెరిపేసుకుని కొత్త లినక్స్ ఎక్కించుకోవడం మొదలుపెట్టాయి, పది నిమిషాలకి ప్రొఫెసర్ షాద్లియా ఫోను, రఫీకా, ముప్పై ఒకటో నంబరుని మాత్రం ముట్టుకోకు తల్లీ, దాంట్లో నా రెండో డిస్కుంది, పదకొండేళ్ల గొంతులు అందులోనే ఉన్నాయి, అని, ఆ గొంతులేమిటో కళాశాలలో అందరికీ తెలుసు, ఆలివ్ తోటల్లో కాయలు కోస్తూ ఆడవాళ్లు పాడే పాటలు, ఆవిడ తోట తోటా తిరిగి పట్టుకొచ్చినవి, పాడినవాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు, ఇంకో కాపీ ఉందా అని రఫీకా అడగలేదు, అడిగే మొహం ఎక్కడిది, సర్వర్లో చోటు లేదు, మీ ఏర్పాటేదో మీరే చూసుకోండి అని డిసెంబరులో చెప్పింది తనే.

కింద నుంచే ఆపేయొచ్చుగా అంటే ఆపే దారి లేదు, అలాంటిదొకటి పెట్టాలని తనకు తోచనే లేదు, మొదలుపెట్టడమే తెలుసు, నాలుగేళ్ల కిందటి దాకా ప్రతి ఆగస్టులో నలభై తెరల ముందూ నిలబడేది, ఒక్కొక్కటీ అదే పాట, ఏ డిస్కు వాడను, మొదటిది, అందులో ఉన్నదంతా చెరిపేయనా, అవును, ఎన్ని భాగాలు చేయను, మూడు, ఇదంతా డిస్కు మీద రాసేస్తున్నాను, నిజంగానేనా, నిజంగానే, ఆ చివరి ప్రశ్నంటే ఒళ్లు మండేది, నలభై సార్లు నిజంగానే అనాలంటే మనిషికి విసుగు రాదా, అందుకే జవాబులన్నీ ఒక ఫైల్లో ముందే రాసిపెట్టింది, ఇక ఏదీ అడగదు, డీన్ ఖర్జూరం డబ్బా చేతిలో పెట్టి నీలాంటిది ఇంకొకత్తె ఉంటే కళాశాల బాగుపడేదమ్మా అన్నాడు, ఆ రోజు మోకాలు నొప్పి కూడా గుర్తు రాలేదు, రెండో అంతస్తు వచ్చింది, ఆగి ఊపిరి పీల్చుకుంది, అవునూ, ఆవిడ రెండో డిస్కు అన్నారు కదా, ఫైల్లో ఉన్నది మొదటిది అని, మరి ఈ పరుగెందుకు, రెండోదాని జోలికి అది పోదు, అనవసరంగా హడలిపోయాను, అనుకున్నా కాళ్లు ఆ మాట నమ్మలేదు, ఎక్కుతూనే ఉన్నాయి.

ముప్పై ఒకటో నంబరు తెర మీద యాభై ఎనిమిది శాతం, కింద చిన్న అక్షరాల్లో డిస్కు సైజు, నాలుగు టెరాబైట్లు, ఈ గది కంప్యూటర్లలో అరటెరాకి మించిన డిస్కు లేదు, నాలుగంటే అది ఆవిడదే, రఫీకా వంగి గోడలో ప్లగ్గు పీకేసింది, ఫ్యాను ఆగింది, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే, చెరిగినవి వెలికితీసేవాళ్లు ట్యూనిస్‌లో ఉన్నారు, కొన్ని దొరకొచ్చు, దొరక్కపోవచ్చు, ఏ ముసలమ్మ గొంతు మిగులుతుందో ఏది పోతుందో ఎవరు చెప్పగలరు, పక్కమూత తీసి చూసింది, రెండో సాకెట్ విరిగి ఉంది, పెద్ద డిస్కు కేబుల్ మొదటి సాకెట్ దాకానే అందుతోంది, పాతది మూడోదాంట్లో ఉంది, మొదటి సాకెట్లో ఏది ఉంటే యంత్రానికి అదే మొదటి డిస్కు, పెట్టినవాడు చేయగలిగింది అంతే, మూత మూసి లేస్తుంటే తెర పైఅంచున అతికించిన చీటీ కనిపించింది, ముసలి టెక్నీషియన్ సి లమీన్ వంకర రాత, మగవాళ్లని సి అనీ ఆడవాళ్లని లల్లా అనీ పిలవడం ఇక్కడి మర్యాద, చీటీలో ఉన్నది ఇదీ, ఇక్కడ రెండు డిస్కులున్నాయి, అడగకుండా చెరపొద్దు, ఆయన అలవాటే అది, ఏం చెప్పాలన్నా యంత్రం నుదుటి మీద చీటీ అతికిస్తాడు, చెరపాలంటే ఎవరో ఒకరు దాని ముందుకు వచ్చి నిలబడక తప్పదని ఆయన లెక్క, చీటీ మీద దుమ్ము పట్టి ఉంది.

షాద్లియా గారు వచ్చేశారు, అరవై ఏళ్ల మనిషి మెట్లెక్కి ఆయాసంతో తలుపు పట్టుకుని, ఉన్నాయా అన్నారు, రఫీకా పీకిన ప్లగ్గు ఇంకా చేతిలోనే ఉంది, ఆవిడ దాన్ని చూసి కుర్చీలో కూలబడ్డారు, మెల్లగా, ఆ లమీన్ ఏదో తలకిందులుగా తగిలించి ఉంటాడు కదూ, చూపు ఆనట్లేదు, ఇంటికి పంపేయండని డీన్‌కి చెబుతూనే ఉన్నా, వింటే కదా, కదూ రఫీకా, అన్నారు, అవును అన్న మాట నాలుక మీదికి దానంతటదే వచ్చేసింది, ఎంత తేలిక, సి లమీన్‌కి ఇంకా ఏడాది ఉద్యోగం ఉంది, ఆయన తరఫున మాట్లాడేవాడు లేడు, ఒక్క అవునుతో తన ఫైలూ తన ఖర్జూరం డబ్బా పరువూ నిలుస్తాయి, పైగా ఆ ముసలాయన మాత్రం తనకొక్క మాట చెప్పొద్దూ, చెప్పొద్దూ, చెప్పలేదా, జనవరి, వాన, గుమ్మంలో కస్క్రూట్ రొట్టె తింటూ నిలబడ్డాడు, బొటనవేలి మీద హరీసా కారం, రఫీకమ్మా, ముప్పై ఒకటిలో లల్లా షాద్లియా డిస్కు మొదటి సాకెట్లో పెట్టాల్సొచ్చింది, కేబుల్ అందలా, నీ ఫైల్లో ఎక్కడన్నా రాసుకో, అన్నాడు, తను టైపు చేస్తూ సరే సరే అంది, విన్నావా అన్నాడు, సరే అన్నాగా బాబాయ్ అంది, నీ సరే కంటే గోడ నయమే తల్లీ, గోడైతే నా మాట నాకు తిరిగి వినిపిస్తుంది, అని నవ్వుకుంటూ పోయాడు, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది, ఆ రోజు ఆయనకే కాదు, డీన్‌కీ సరేనే, ఇంట్లో ఏదో చెప్పబోయిన కూతురికీ సరేనే, అదేం చెప్పబోయిందో ఇప్పటికీ తెలియదు, ఎవరేం అడగబోతారో తెలిసినట్టు జవాబులు రాసిపెట్టుకుని కూర్చుంది, యంత్రాల కోసం ఆ ఫైలు రాయకముందే తను అలా తయారైంది, కదూ రఫీకా అని ఆవిడ మళ్లీ అడుగుతున్నారు, నిజంగానేనా అని ఎవరో అడుగుతున్నట్టే ఉంది, రఫీకా ప్లగ్గు కింద పెట్టి ఆవిడ ఎదురుగా కూర్చుంది, లేదు లల్లా, సి లమీన్ సరిగ్గానే పెట్టాడు, పెట్టి నాకు వచ్చి చెప్పాడు, నేనే వినలేదు.