పడవ వెళ్ళేదాకా

“ఏడుపు పడవ వెళ్ళాక ఏడుద్దువుగాని. ముందు కోటు ఇస్త్రీ చెయ్యి.”

లెఫోటు ఆ మాట కోపంగా అనలేదు. వాన పడేలా ఉంది, కొబ్బరి లోపల పెట్టు అన్నంత మామూలుగా అన్నాడు. మోయెలాంగి కొబ్బరిచిప్పల నిప్పులు ఇస్త్రీపెట్టెలో పోసి, భర్త తెల్లకోటు పరిచింది. వెనకింట్లో ఆమె తల్లి ఫువాటినో తెల్లవారుజామున పోయింది. ఆ సంగతి ముగ్గురికే తెలుసు: తనకి, భర్తకి, సీలీ పిన్నికి. ఊరికి తెలిసిందంటే శంఖం ఊదరు, పందులు కాల్చరు. దొరలుండే పెద్ద రేవు పాగో పాగో నుంచి వచ్చే గవర్నరు పడవని రేవులోనే ఆపి వెనక్కి పంపేస్తారు.

“తూర్పు తీరమంతటికీ నన్ను పెద్దని చేసి పోతాడు ఇవాళ. మళ్ళీ వస్తాడా? ఈయన పోయి ఇంకో దొర వస్తే మన మొహం గుర్తుంటుందా?” అన్నాడు లెఫోటు, చేతులు దూర్చుకోడానికి కోటు కోసం చెయ్యి చాపుతూ. “మీ అమ్మ బతికుంటే తనే అనేది, అల్లుడి పని ముందు కానిమ్మని.”

నిజమే, అనేది. బతికినన్నాళ్ళూ అమ్మ అన్నది ఆ ఒక్క మాటే.

“సన్నచాప తీసి ఉంచావా?”

ఆమె చెయ్యి ఆగింది. “అది అమ్మ మీద కప్పాల్సింది.”

“మీ అమ్మకి ఇంకోటి కప్పుదువుగాని. మట్టిలోకి పోయేదానికి ఏదైతేనేం? గవర్నరుకి ముతకచాప ఇస్తే ఊరు నవ్వుతుంది.”

మోయెలాంగికి బేరం తెలియనిది కాదు. ఆవిరి ఓడ వచ్చిన రోజున రేవుకి పోయి విసనకర్రలు, బుట్టలు అమ్ముతుంది. దిగే మనిషి బూట్లు చూసి ధర ఎంత చెప్పాలో, ఎంతకి తగ్గాలో తేల్చేస్తుంది. ఆ బేరాల్లోనే ఇంగ్లీషు పట్టుబడింది. బయటి సరుకుకి ధర కట్టగలిగిన మనిషి, ఇంట్లోది దేనికీ కట్టలేకపోయింది. లెఫోటు అన్నది భర్త పేరు కాదు, తన పుట్టింటి బిరుదు. నాన్నకి కొడుకులు లేకపోతే అమ్మే చుట్టాల ఇళ్ళన్నీ తిరిగి, అందరి కాళ్ళూ పట్టుకుని, ఆ బిరుదు అల్లుడికి ఇప్పించింది. ఆ రోజు నుంచి ఆయన ముందింట్లో ఊరిపెద్ద కూర్చునే స్తంభానికి వీపు ఆనించి కూర్చున్నాడు. అమ్మ వెనకింట్లోకి జరిగింది. ఊరిపెద్ద భార్యని అక్కడ గౌరవంగా పిలిచే పేరే ‘వెనకిల్లు’ కాబట్టి అందులో తప్పేమీ ఎవరికీ కనిపించలేదు. తనకీ కనిపించలేదు. పెట్టుబడి అంతా తమది, కొట్టు మీద పేరు ఆయనది అని ఇవాళ, వేడి ఇస్త్రీపెట్టె పట్టుకుని, మొదటిసారి అనుకుంది.

ఇక ఆ చాప. ఇప్పుడొచ్చే గవర్నరు విట్లాక్ అప్పట్లో కుర్ర అధికారి. తీరం కొలవడానికి చిన్న పడవలో వచ్చి, జ్వరంతో ఈ ఊళ్ళోనే పడిపోయాడు. సముద్రం పోటెత్తి ఓడ దగ్గరికి రాలేకపోయింది. ఒక వర్షాకాలమంతా అతన్ని అమ్మే చూసుకుంది. తుడిచింది, మలమూత్రాలు ఎత్తింది, ఆరారూటు గంజిలో కొబ్బరిపాలు కలిపి చెంచాతో పోసింది. నీళ్ళు మోసింది పిల్ల మోయెలాంగి. మంచం పక్కన మెలకువగా కూర్చోవాలి కదా అని అమ్మ అక్కడే ఈ చాప మొదలుపెట్టింది. మొగలి ఆకుని దారమంత సన్నగా చీల్చి, వంచిన వీపు ఎత్తకుండా అల్లింది. అతను లేచి ఓడ ఎక్కాడు. చాప మాత్రం ఏళ్ళ తరబడి సాగింది. అమ్మ చూపు సగంలో పోయింది, మిగతాది కూతురు అల్లింది. చివర ఎర్ర ఈకలు కుట్టిన రోజు అమ్మ దాన్ని చెంపకి ఆనించుకుని, “ఇది మాత్రం ఎవరికీ ఇవ్వకే. నన్ను ఇందులో పంపించు” అంది. అమ్మ జన్మలో అడిగింది అదొక్కటే.

పడవ వచ్చింది. శంఖం ఊదారు. విట్లాక్ గోడల్లేని ముందింట్లో, మైదానం వైపు అంచున ఎత్తైన కుర్చీలో కూర్చుని, మర్యాదకి ఇచ్చే కావా వేరు రసం తాగి, తన జీవితం గురించి మాట్లాడాడు. గోధుమ పొలాల్లో పుట్టిన కుర్రాడు నౌకాదళంలో చేరడం, తుపాకి మోతలు, తుపానులు, ఓడకి కప్తాను కావడం, ఇప్పుడు ఈ దీవులకి గవర్నరు కావడం. దుబాసీ ఒక్కో ముక్కా చెబుతుంటే పెద్దలు తలలూపారు. మోయెలాంగి వెనక నిలబడి దొరకి ఈగలు తోలుతోంది.

“ఈ ఊరు నాకు కొత్త కాదు,” అన్నాడు విట్లాక్. “ఇక్కడ చావు దాకా వెళ్ళాను. క్వినైను, నా ఒంట్లో సత్తువ నన్ను నిలబెట్టాయి. ఎవరో పనిమనిషి కూడా ఉండేది పాపం, గంజి పోసేది.”

దుబాసీ క్వినైను చెప్పాడు, సత్తువ చెప్పాడు. పనిమనిషిని మింగేశాడు. మోయెలాంగికి అతను మింగకముందే అర్థమైంది. ఈగల విసనకర్ర ఆగలేదు. పడవ వెళ్ళేదాకా ఏదీ ఆగకూడదు.

తర్వాత లెఫోటు పేరు చదివారు. తీరమంతటికీ పెద్ద. ఆయన లేచి భార్య వైపు కళ్ళతో సైగ చేశాడు.

చాపని మడిచి ఇవ్వరు. అల్లిన ఇంటి ఆడవాళ్ళే రెండు కొసలు పట్టుకుని, విప్పి, మైదానమంతా నడిపించి, అతిథి కాళ్ళ ముందు పరచాలి. ఒక కొస మోయెలాంగి, ఒక కొస సీలీ పిన్ని పట్టుకున్నారు. ఎండలో అది పట్టులా మెరిసింది. ఊరు ఊరంతా “సావో! సావో!” అని మెచ్చుకోలుగా కేకలేసింది. ఆ కేకలు చాపకే, వేళ్ళకి కావు.

“ఏమ్మా, కొస అంత గట్టిగా పట్టుకున్నావేం?” అంది పిన్ని, పెదవులు కదపకుండా.

“పిన్నీ, నువ్వు నాతో నడుస్తావా?”

“ఎక్కడిదాకా?”

మోయెలాంగి తన కొస ఇంకాస్త ఎత్తి పట్టుకుంది. పిన్నీ తన కొస ఎత్తింది.

గవర్నరు బూట్ల దగ్గరికి వచ్చారు. విట్లాక్ నవ్వి ముందుకి వంగాడు. చాప ఆయన మోకాళ్ళ ముందునుంచి గాలికి కొద్దిగా ఎగిరి, దాటిపోయింది.

“ఇక్కడే! దించు!” లెఫోటు గొంతు పళ్ళ మధ్యనుంచి వచ్చింది. “ఒసే, ఎక్కడికే? నా పరువు తీస్తావా?”

కేకలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఆడవాళ్ళిద్దరూ ముందింటిని చుట్టి, పొయ్యిలు దాటి, వెనకింటి మెట్టెక్కారు. మోయెలాంగి తల్లి గడ్డం కిందికి చాప లాగి, ఎర్ర ఈకల అంచు సరిచేసింది. వచ్చినదీ పోయినదీ ఇప్పుడు లెక్క వెయ్యలేదు. రేపు ఈ ఇంట్లో తనకి చోటుంటుందో లేదో తెలియదు. తెల్లవారుజామునుంచి గొంతులో అదిమిపెట్టిన ఏడుపుని వదిలింది. అది విని పొయ్యిల దగ్గర ఆడవాళ్ళు ఒక్కసారిగా అందుకున్నారు.

సముద్రం మీద బతికినవాడికి ఆ శబ్దం ఏ భాషలోనైనా తెలుస్తుంది. విట్లాక్ టోపీ తీసి, గడప దాకా వచ్చి నిలబడ్డాడు. వెనకే రంగు పోయిన మొహంతో లెఫోటు, దుబాసీ.

“ఎవరు పోయారు?” అన్నాడు విట్లాక్ మెల్లిగా.

దుబాసీ నోరు తెరవబోయాడు. మోయెలాంగి తలెత్తి, ఆయన భాషలోనే చెప్పింది.

“మీ పనిమనిషి, దొరా.”