రోసకుట్టి కొట్టిన దెబ్బలు

లోకంలోని వంట దినుసులన్నిటి మీదా టీవీ డాక్యుమెంటరీ తీసేవాళ్లు ఏలకుల కోసం కేరళలోని ఇడుక్కి కొండలకు వచ్చి, రోసకుట్టి తోటను ఎంచుకున్నారు. మొగుడు పోయాక ఆ మూడెకరాలనూ ఒంటిచేత్తో నిలబెట్టిన మనిషి ఆమె. మొక్క మొదట్లో గొంతుక్కూర్చుని పచ్చికాయలు కోసి చూపిస్తుండగా, మరిది కురియచ్చన్ కత్తి పట్టుకుని ఊడిపడ్డాడు. సగం తోట తనదని కోర్టుకెక్కి, మొన్ననే ఓడిపోయాడు.

"టీవీలో సోకులా వదినా? ఇదీ చూపించు!" అంటూ కాపుమీదున్న మొక్కను మొదలంటా నరికాడు. దాని పక్కదీ నరికాడు.

కెమెరామన్ బషీర్ కెమెరా అటు తిప్పాడు. అది చూసి కురియచ్చన్ మరీ రెచ్చిపోయాడు.

"ఒరే, బిడ్డల్లా పెంచానురా!" రోసకుట్టి అడ్డం వెళ్లింది. కత్తి ఆమె ఎడమ ముంజేతిలో ఎముకదాకా దిగింది. ఆమెకు నొప్పి తెలియలేదు. తలతో వాడి రొమ్ములో పొడిచింది. బురదలో వాడు వెల్లకిలా పడ్డాడు, కత్తి జారిపోయింది. ఆమె వాడి గుండెల మీద మోకాలు వేసి, రాయి తీసుకుని వాడి కుడి అరచేతి మీద మోదింది.

"వదినా, వద్దు! చచ్చిపోతా!"

ఎముకలు విరిగిన చప్పుడు విన్నాక కూడా ఆగలేదు. కోతకొచ్చిన ఆడవాళ్లు నలుగురూ పట్టి లాగితేగానీ లేవలేదు.

ముందు రాయెత్తింది వదినేనని కురియచ్చన్ పోలీసులకు చెప్పాడు. వాడికి జడిసి ఆ నలుగురూ ఏమీ చూడలేదన్నారు. టీవీ వాళ్లకు పెద్దయిన ఆవిడ, "మీ తగాదాలతో మాకేం పని?" అని పెట్టెలు సర్దించింది. ఆసుపత్రి నుంచి రోసకుట్టి కట్టుకట్టిన చేత్తో నేరుగా వాళ్ల లాడ్జికి వెళ్లింది.

బషీర్ ఆమెను పక్కకు పిలిచాడు. "వీడియో ఇస్తానక్కా. కానీ కత్తి పడిపోయాక మీరు కొట్టిందీ ఉంది. ఏడు దెబ్బలు. అక్కడికి కత్తిరించనా?"

ఆమె చెయ్యి సలుపుతోంది.

"వద్దు తమ్ముడూ, మొత్తం ఇవ్వు. విరగ్గొట్టాలనే కొట్టాను. కొట్టలేదని ఏ ముఖంతో చెప్పను?"

వీడియో చూసి కోర్టు వాడికి ఐదేళ్లు, ఆమెకు ఆరు నెలలు వేసింది.

జైలు నుంచి వచ్చేసరికి తోట కలుపుతో నిండిపోయింది. ఆ నలుగురూ పనికోసం గుమ్మంలో నిలబడ్డారు.

"ఆ రోజు కళ్లు కనపడలేదుగా, కలుపు కనపడుతుందటర్రా?" అంది రోసకుట్టి.

ఆమె లోపలికెళ్లి పారలు తెచ్చి వాళ్ల ముందు పడేసింది.