బండల పరీక్ష

నల్లగండ్ల ఫ్లాటులో నున్నటి టైల్స్ వేయించినప్పటి నుంచి బాలాత్రిపురసుందరికి మనశ్శాంతి లేదు. ఆమె కుక్కలు లడ్డూ, మిక్చర్ గుమ్మం దగ్గర పరుగందుకుంటే ఫ్రిజ్‌కి గుద్దుకున్నాకే ఆగుతున్నాయి. జారని, కలకాలం మన్నే బండలు వేయిద్దామని ఆవిడ పైకి అనడమే పొరపాటయింది.

"తాండూరు బండ ఎయ్యిద్దాం అమ్మా. మన తెలంగాణది, ఫికర్ ఉండది," అన్నాడు మేస్త్రీ మహేందర్.

"మా మాచర్ల రాయికి సాటేదండీ?" అన్నాడు పక్కింటి సీతారామయ్య. ఆయనది గుంటూరు జిల్లా.

రాష్ట్రం రెండవుతుందా లేదా అని ఊరంతా ఉడుకుతున్న రోజులవి. సాయంత్రానికల్లా అపార్ట్‌మెంటు రెండుగా చీలింది. పార్కింగులో రెండు రాళ్ళూ పక్కపక్కన పరిచారు. కుక్కలు దేన్ని మెచ్చితే అదే వేయాలట! ఒక పక్క జై తెలంగాణ, మరో పక్క జై సమైక్యాంధ్ర.

"అది మా ఇంటి నేల!" అని సుందరి మొత్తుకున్నా వినేవాడు లేడు.

లడ్డూ తిన్నగా వెళ్ళి తాండూరు బండ మీద కాలెత్తింది. సమైక్యవాదులు ఈలలు వేశారు. ఆ ఈలలు ముగియకముందే మిక్చర్ మాచర్ల రాయి మీద కాలెత్తింది.

సుందరికి ఒళ్ళు మండింది. "ఎవరూ తుడవకండి! ఏ రాయి పీల్చుకోదో అదే నాకు కావాలి. చూసి చెప్పండి!"

అందరూ వంగారు. ఉద్యమం మొదలయ్యాక రెండు పక్షాలూ తలలు దగ్గరపెట్టి ఒకే విషయం ఆలోచించడం అదే మొదలు.