పూడ్చిన మగ్గం గుంట

నేతగత్తె ఉచ్చీరమ్మ కాళ్లు దించి నేసే మగ్గం గుంటను కూలీలు పూడ్చేటప్పుడు ఎమ్మిగనూరు మగ్గాల వీధి అంతా గడపల్లో నిలబడి చూసింది. ఆదోని పత్తి సావుకారు గోవిందయ్య వీధి మొత్తం కొన్నాడు. బాడుగవాళ్లను వెళ్లగొట్టి గోడౌన్లు కడతాడట. కోర్టు అమీనా వచ్చి ఇల్లు ఖాళీ చేయించాననీ, సావుకారికి అప్పగించాననీ రాశాడు. దానికి వీధివాళ్లే ఇద్దరు సాక్షులు కావాలన్నాడు. ఎదురింటి ముసలి లక్ష్మప్ప, పక్కింటి షరీఫ్ వేలిముద్రలు వేశారు. ఉత్త లాంఛనమే కదా అనుకున్నారు.

ఆ చలికాలమే ఉచ్చీరమ్మ సత్రం అరుగు మీద ప్రాణం విడిచింది.

అప్పటినుంచి తాళం వేసిన ఆ ఇంట్లో మగ్గం ఆడుతోంది. లక్ష్మప్ప కోడలు రుక్మిణీ విన్నది. పొద్దు వాలేవేళ, మట్టి కిందనుంచి, పోగు తెగినప్పుడు ఆగినట్టు ఆగి ఆగి. మామ ముద్ద చేతిలో పట్టుకుని అటే చెవిపెట్టేవాడు.

"తిను మామా."

"ఆయమ్మ ఇంగా నేస్తాంది సూడు. ఖాళీ అని నేను ఏలు పెడితిని. యాడ ఖాళీ అయింది?"

ఖాళీ చేయించే తర్వాతి వంతు షరీఫ్ ఇంటిది. పడుగు దారాలు సాచే బయల్లో వీధంతా కూడింది.

"సాచ్చికం ఈసారి ఎవురు సెప్తారన్నా?" షరీఫ్ భార్య నసీబ్‌బీ లక్ష్మప్పనూ తన మొగుణ్నీ చూసి ఎత్తిపొడిచింది. "మీకు అలవాటే గదా."

"సావుకారికి కోర్టుంది. మనకేముందమ్మా?" అన్నాడు ఆ వీధి నేతగాడు సుంకప్ప.

"గుంటలుండాయి," అన్నాడు లక్ష్మప్ప. "గుంటలో మనిషుంటే ఖాళీ అని ఎట్ల రాస్తాడు?"

అమీనా పోలీసులతో వచ్చాడు. సాక్షులను పిలిస్తే ఒక్క తలుపూ తెరుచుకోలేదు. లక్ష్మప్ప షరీఫ్ మగ్గం గుంటలోకి దిగి కూర్చున్నాడు.

"లెయ్ ముసలోడా. ఇల్లెవురిదనుకున్నావు?" అన్నాడు అమీనా.

"సావుకారిదే సామీ. గోడలు తీస్కపొమ్మను. మగ్గంలో మనిషుండాడని రాసుకో."

పోలీసులు చంకల్లో చేతులేసి అతన్ని పైకి లాగారు. జీపు కదిలింది. అమీనా కలం తీసి తిరిగి చూసేసరికి గుంటలో రుక్మిణి కూర్చుని ఉంది. మామ కాళ్లు పెట్టినచోటు ఇంకా వెచ్చగా ఉంది. ఆమె పోగును అటూ ఇటూ మోసే నాడె విసిరింది. ఆ చప్పుడుకు పక్కింటి మగ్గం పలికింది. ఆ పైది, ఆ పైది, వీధి చివరిదాకా. తాళం వేసిన ఇంట్లోదీ.

అమీనా కలం ఆగిపోయింది.

"ఆ ఇంట్లో ఎవురుండారు?"

నసీబ్‌బీ గడపలోంచి అన్నది: "ఖాళీ అని నువ్వే రాసుకుంటివి గద సామీ."