బొమ్మలకు కాళ్ళు గుంజవు

చీర అంచును గడ్డం కింద నొక్కి పట్టి, రెండు చేతులూ బారచాపి, భూలక్ష్మి మడత పెడుతోంది. ఉదయం పదిన్నర. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దగ్గరున్న ఆ షోరూంలో ఆమె పదకొండేళ్ళుగా నిలబడి ఉంది. పని చేస్తోంది అనడం కన్నా ఇలా అంటేనే నిజం. కొనేవాళ్ళకు ఎర్ర రెక్సిన్ స్టూళ్ళు వరసగా ఉంటాయి. అమ్మేవాళ్ళు వాటిని తుడవొచ్చు, జరపొచ్చు, వాటి మీద కూర్చోకూడదు. కౌంటరుకు నడుము ఆనించినా పైన కెమెరా చూస్తుంది, మైకు అందుకుంటుంది: "మూడో కౌంటర్, సరిగా నిలబడండి."

యాభై మూడేళ్ళ మనిషి. నుదుట పెద్ద బొట్టు, చెవుల వెనక్కి దువ్విన నెరిసిన జుట్టు, పిక్కల మీద ముడులు పడ్డ నీలి నరాలు. పోచంపల్లి పక్క ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ పనంతా కూర్చునే చేసింది. నేతకు పోగులు సిద్ధం చేసే ఆసు ముందు కూర్చుని నూలు పోస్తుంటే సాయంత్రానికి చేయి పడిపోయేది, కాళ్ళకు మాత్రం సుఖం. మగ్గం మూలపడ్డాక భర్త హనుమాండ్లుతో ఎల్బీనగర్ వచ్చేసింది. ఆ సుఖం ఊళ్ళోనే ఉండిపోయింది.

పోయిన వారం పక్క కౌంటరు మాలతి ఒక కాగితం రాసింది. ముప్పై దాటని పిల్ల, జంకు లేదు. కౌంటరుకొక స్టూలు వేయించమని, అమ్మేవాళ్ళు పద్నాలుగు మందీ సంతకాలు పెట్టి యజమానిని అడగాలన్నది ఆమె ఆలోచన. రాసింది చదివి వినిపిస్తే భూలక్ష్మికి చప్పగా అనిపించింది. అద్దాల్లో పట్టుచీరలు కట్టుకుని నిలబడ్డ బొమ్మల వైపు చూపిస్తూ, "బొమ్మలకు కాళ్ళు గుంజవు, మాకు గుంజుతయ్. గీ మాట గూడ రాయి బిడ్డా" అంది. మాలతి నవ్వుతూ రాసింది. తన మాట కాగితం మీదికి ఎక్కినందుకు భూలక్ష్మి ఆ పూటంతా మురిసిపోయింది.

పదకొండింటికి ఫ్లోర్ మేనేజరు శ్రీధర్ వచ్చి, సారు పైకి రమ్మంటున్నాడని చెప్పాడు.

యజమాని జోగారావు మంచివాడు. అందరూ అంటారు, అందరికన్నా ముందు ఆయనే అంటాడు. పనివాళ్ళను కూడా మీరు అనే పిలుస్తాడు. కూర్చోండమ్మా అని ఎదురుగా ఉన్న కుర్చీ చూపించాడు. భూలక్ష్మి తటపటాయించి అంచున కూర్చుంది. కుర్చీ మెత్తగా ఆమెను లోపలికి లాక్కుంది. మోకాళ్ళలో ఏళ్ళ తరబడి బిగుసుకున్నదేదో వదులైంది. ఆ షోరూంలో ఆమె కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి.

జోగారావు కాగితం తీశాడు. స్టూళ్ళు అడగడం తప్పు కాదన్నాడు, ఆలోచిద్దామన్నాడు. ఆయనకు బాధ కలిగించింది ఒక్క మాటేనట.

"ఇంట్లో మనుషుల్లా చూసుకుంటున్నాను కదా, బొమ్మల్లా నిలబెట్టానని రాస్తారా? ఈ మాట ఎవరిదమ్మా?"

నాదే అంటే లేవాలి. ఆయన ఆ సంగతి చెప్పలేదు, ఆమె కాళ్ళే చెప్పాయి. ఇంటి కిరాయి, హనుమాండ్లు మందులు, అవన్నీ తర్వాత వెతుక్కున్న సాకులు. ఆ క్షణాన ఆమెకు కావాల్సింది ఇంకో రెండు నిమిషాలు ఆ కుర్చీ.

"మాలతిది సార్. నేను చదవకుండనే సంతకం పెట్టిన."

జోగారావు తృప్తిగా తలూపి టీ తెప్పించాడు. ఆమె తాగింది. తాగినందుకు మెట్లు దిగుతుంటే తల కొట్టేసినట్టయింది.

మధ్యాహ్నానికి మూడో కౌంటరు వెనక ఒక ఎర్ర రెక్సిన్ స్టూలు వచ్చింది. పెద్దావిడ కదా, సారు ప్రత్యేకంగా వేయించారని శ్రీధర్ అందరికీ వినబడేలా చెప్పాడు. అందరూ చూసి, ఎవరి కౌంటరు వైపు వాళ్ళు తిరిగారు. భూలక్ష్మి దాని పక్కనే నిలబడి చీర వెంట చీర విప్పింది, కొంగు తన భుజాన వేసుకుని చూపించింది. ఒకావిడ పాతిక చీరలు తీయించి జాకెట్ ముక్క కొనుక్కుని వెళ్ళింది. కాళ్ళు సలుపుతుంటే సలపనీ అనుకుంది భూలక్ష్మి.

నాలుగింటికి మాలతి పైకి వెళ్ళి, పది నిమిషాల్లో దిగొచ్చింది. రేపటి నుంచి రావద్దన్నారట. బ్యాగు భుజాన వేసుకుని, షోరూం ఇచ్చిన పేరు బిళ్ళ పిన్ను విప్పుతూ మూడో కౌంటరు దగ్గర ఆగింది.

"గా మాట ఎవరిదని అడిగిండు అక్కా. నాదే అన్న. నేను యాడన్న బతుకుత, నీకు గీ వయసుల పని ఎవరిస్తరు?"

భూలక్ష్మి నోరు తెరిచింది. చెప్పేద్దామనే తెరిచింది. ఎదుటి స్టూలు మీద కూర్చున్నావిడ ఆ పచ్చది తీయమంది. భూలక్ష్మి వెనక్కి తిరిగి పచ్చది తీసింది. అరలో చీర ఒక్కటే ఉంది, వెతకాల్సిన పనేమీ లేదు. అయినా అక్కడ చాలాసేపు వెతికింది. 

"నీకన్న స్టూలొచ్చింది, మంచిగైంది. కూసో అక్కా," అంటున్న మాలతి గొంతు వీపుకు తగిలింది.

తిరిగి చూసేసరికి మాలతి అద్దాల తలుపు దాటి, మలక్‌పేట వైపు నుంచి వచ్చే షేర్ ఆటోల రద్దీలో కలిసిపోయింది. రోజూ ఇద్దరూ కలిసే ఎల్బీనగర్ వెళ్ళేవాళ్ళు.

ఆరింటికి షోరూం కిటకిటలాడుతుండగా మైకు గరగరమంది. ఈసారి జోగారావు గొంతే.

"భూలక్ష్మమ్మా, కూర్చోండి. మీకోసమే కదా వేయించింది."

కొనేవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. ఎంత మంచి యజమానో అన్నట్టు ఒకావిడ నవ్వింది. భూలక్ష్మి రెండు చేతులతో చీర కొంగు పట్టుకుని, నిలబడే స్టూలు వైపు చూసింది. కౌంటరు నిండా చీరలుండి ఎక్కడా చోటు లేక, వెళ్తూ వెళ్తూ మాలతి తీసి పెట్టిన పేరు బిళ్ళ ఆ ఎర్ర రెక్సిన్ మీద, పిన్ను తెరుచుకుని, ఇంకా అక్కడే ఉంది.