అలారం మీద భూతద్దం

మా అమ్మ నన్ను చిన్నప్పటి నుంచీ ఒకటే మాట అంటుంది: "పక్కింటి కుక్కరు ఎన్ని విజిల్స్ వేసిందో కూడా నీకే కావాలి." నిజమే. కారణం తెలియని విషయం కనబడితే నాకు అన్నం సయించదు. ప్రోగ్రాములు రాసే ఉద్యోగంలో ఆ జబ్బుకు జీతం కూడా ఇస్తారు కాబట్టి, నయం చేసుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు.

మా కంపెనీ లిఫ్టులు బాగు చేస్తుంది. ఎక్కడైనా లిఫ్టు మధ్యలో ఆగిపోయి, లోపలివాళ్ళు గంట బొమ్మ ఉన్న బటన్ నొక్కితే ఆ కాల్ మా కంట్రోల్ రూముకు వస్తుంది. ఆపరేటరు మెకానిక్‌ను పంపించి, అతను చేరేదాకా లోపలివాళ్ళతో మాట్లాడుతూ ఉండాలి. కాల్ రాగానే ఆపరేటరు స్క్రీను మూలన అరచేతి అంత ఎర్ర విండో తెరుచుకుంటుంది. ఏ బిల్డింగు, ఎన్నో లిఫ్టు, ఏ అంతస్తు దగ్గర ఆగింది, అన్నీ అందులో ఉంటాయి. ఆ విండో రాసింది నేనే.

మొదట్లో అది మిగతా పనుల వెనక్కి పోయేది. ఒకసారి ఎవరో ఆపరేటరు తెరిచి ఉంచిన మెయిలు వెనక దాక్కుంది. ఒక పెద్దాయన లిఫ్టులోనే చాలాసేపు ఉండిపోయాడు. మర్నాడు మేనేజరు గారు నా టేబుల్ దగ్గరికి వచ్చి, "అలారం మీదికి ఇంకేదీ రాకూడదమ్మా. ఏదీ అంటే ఏదీ" అన్నారు.

ఒక విండోను ఎప్పుడూ అన్నిటికీ పైనే ఉండమని చెప్పడానికి ఒక్క లైను చాలు. కానీ ఇంకో ప్రోగ్రాము కూడా అదే లైను రాసుకుంటే? నాకు అనుమానం ఎక్కువ. గోటితో పోయేదానికి గొడ్డలి వాడాను. సెకనుకు రెండుసార్లు "నేనే పైన" అంటూ మళ్ళీ మళ్ళీ పైకి లేచేలా నా విండోను తయారుచేశాను.

అన్ని సీట్లలోనూ చక్కగా పనిచేసింది, లైనక్క సీటులో తప్ప.

లైనక్క అసలు పేరు జీతాల సెక్షన్‌లో తప్ప ఎవరికీ గుర్తులేదు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు ఏడుస్తారు, తిడతారు, తలుపు బాదుతారు. ఆమె అంతా విని, పాలు కాగబెట్టినంత నిదానంగా, "భయపడకండి. లోపలికి గాలి వస్తూనే ఉంటుంది. తలుపు తెరుచుకునేదాకా నేను లైన్లోనే ఉంటా" అంటుంది. ఉంటుంది కూడా. టీ చల్లారిపోయినా, షిఫ్టు దిగిపోయినా ఫోను పెట్టదు. నాకు తెలిసి ఆ గదిలో ఆమె తర్వాతే ఎవరైనా.

అలాంటి మనిషి స్క్రీను మీద నా ఎర్ర విండో కొట్టుకోవడం మొదలుపెట్టింది. అందులో అక్షరాలు చెదిరేవి, కుదురుకునేవి, మళ్ళీ చెదిరేవి. చూస్తే తల తిరిగేది. మేనేజరు గారు రెండు రోజులు చూసి, అద్దం తలుపు వెనక నిలబడి నాతో అన్నారు: "ఇంకెవరికీ రాని జబ్బు ఆమెకే ఎందుకొచ్చింది? ఏదో కెలుకుతోంది. శుక్రవారానికి సర్దుకోకపోతే ఆమెను స్టోరుకి పంపించేస్తా. ఆ సీటు ఇంకొకరికి ఇస్తా."

స్టోరు అంటే కిందనున్న గది. బోల్టులు, తాళ్ళు, గ్రీజు డబ్బాలు. ఫోను ఉండదు. అద్దం తలుపు మాటలను ఆపదు కాబట్టి లైనక్క అంతా వింది. హెడ్‌సెట్ సర్దుకుంది.

కేబుల్ మార్చాను. మానిటర్ మార్చాను. కంప్యూటరే మార్చాను. మర్నాటికి మళ్ళీ అదే గొడవ. నా కుతూహలం కాస్తా కోపంగా మారింది. చివరికి ఒక చిన్న ప్రోగ్రాము రాసి ఆమె మెషీన్‌లో పెట్టాను. నా విండో కిందికి పోయిన ప్రతిసారీ, దాని పైన కూర్చున్నది ఎవరో అది చెప్పాలి.

చెప్పింది. పైన ఉన్న విండోకు అంచుల్లేవు, శీర్షిక లేదు, చూడ్డానికి ఉత్త గాజు ముక్క. దాన్ని నడిపే ప్రోగ్రాము పేరు మాత్రం ఉంది: "అమ్మ".

ప్రోగ్రాముకు అమ్మ అని పేరు పెట్టేదెవరు? ఆ పేరు చూసి నాకు నవ్వొచ్చింది. లైనక్క కాల్ ముగించేదాకా ఆగి, వంగి అడిగాను.

"అక్కా, ఈ 'అమ్మ' ఎవరు?"

ఆమె హెడ్‌సెట్ తీసింది. పక్క సీటతనికి సైగ చేసి, నన్ను వరండాలో మంచినీళ్ళ మెషీన్ దగ్గరికి తీసుకెళ్ళింది.

"నేనే," అంది. "కంటి మధ్యలో మసక. పక్కల నుంచి బాగానే కనిపిస్తుంది, ఎదురుగా ఉన్న అక్షరమే కనిపించదు. ఇంతకంటే ముదరదన్నాడు డాక్టరు. మా అమ్మాయి ఒక భూతద్దం రాసిచ్చింది. మౌస్ ఎక్కడుంటే అక్కడ అక్షరాలు పెద్దవవుతాయి. పక్కకు ఎవరైనా వస్తే మూసేస్తా. మెషీన్ మార్చినా మళ్ళీ పెట్టేసుకుంటా, ఎలాగో నేర్పింది. చెబితే సీటు తీసేస్తారని చెప్పలా. ఇప్పుడు ఎలాగూ తీసేస్తున్నారు."

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఇన్ని రోజులుగా నేను వేటాడుతున్నది ఈమెనా అని సిగ్గేసింది. "మీ అమ్మాయి నంబరివ్వు" అన్నాను.

ఫోను ఎత్తిన అమ్మాయి నేనెవరో విని, "ఓహో! నా భూతద్దాన్ని తోసేస్తున్న మహాతల్లి మీరేనా?" అంది.

"తోసేస్తున్నది నువ్వు! పైకి రావడానికి టైమర్ పెట్టావా?"

"పెట్టాను. సెకనుకు మూడుసార్లు."

"నేను రెండే పెట్టాను."

"అందుకే నేను గెలుస్తున్నా ఆంటీ."

నన్ను ఆంటీ అన్నందుకు కోపం రావాలి, కానీ నవ్వొచ్చింది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. మేమిద్దరం రెండు కత్తులనూ దూర్చి, పైగా నిమిషం ఆగకుండా కదిపాం.

"ఇద్దరిలో ఒకరు తగ్గాలి," అన్నాను. "నేను తగ్గితే అలారం కనబడదు. నువ్వు తగ్గితే మీ అమ్మకు అలారం చదవడమే కుదరదు."

 ఆ అమ్మాయి మెల్లగా అంది: "మీ విండో నా కిందికి వస్తే దాక్కోదు కదా ఆంటీ. పెద్దదవుతుంది."

నేను నీళ్ళ మెషీన్‌కు ఆనుకుని నిలబడిపోయాను. నిజమే కదా! పేపరు మీద భూతద్దం పెడితే పేపరు పోదు. చూపించేది పైన ఉండాలి, చూడాల్సింది కింద ఉండాలి. ఇంత చిన్న సంగతి నాకు తట్టనందుకు నన్ను నేనే నాలుగు తిట్టుకున్నాను.

ఇద్దరం కలిసి టైమర్లు పీకేశాం. నా విండో అన్నిటికీ పైనే ఉంటుంది, భూతద్దం ఒక్కటి తప్ప. అలారం రాగానే నా విండో "ఇదిగో, ఇక్కడున్నా" అని భూతద్దానికి కబురు పెడుతుంది. భూతద్దం మౌస్‌ను వదిలేసి అక్కడికి దూకుతుంది. ఇక మిగిలింది మేనేజరు గారు. ఆయన మాట ఇంకా నా చెవిలోనే ఉంది: ఏదీ అంటే ఏదీ.

శుక్రవారం ఆయన వస్తుండగా లైనక్క కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. నేను ఆమె భుజం మీద చెయ్యి వేసి, "భయపడకక్కా. తలుపు తెరుచుకునేదాకా నేను లైన్లోనే ఉంటా" అన్నాను. ఆమె సమాధానం చెప్పేలోపే బజర్ మోగింది.

ఎర్ర విండో వచ్చింది. దాని మీదికి గాజు ముక్క దూకింది. బిల్డింగు పేరు స్క్రీనంతా నిండిపోయింది. లైనక్క అప్పటికే మాట్లాడుతోంది.

"ఆ పైకొచ్చిందేంటి?" అన్నారు మేనేజరు గారు. "ఏదీ రాకూడదని చెప్పానా లేదా?"

"ఎందుకు రాకూడదన్నారు సార్?"

"అలారం కనబడాలని!"

"తలుపు దగ్గరికెళ్ళి చూడండి సార్. కనబడుతోందేమో."

ఆయన విసుక్కుంటూనే వెళ్ళారు. అంత దూరం నుంచి బిల్డింగు పేరు, లిఫ్టు నంబరు, అంతస్తు గట్టిగా పైకి చదివారు. చదివి, వెనక్కి వచ్చి లైనక్క మాటలు వింటూ నిలబడ్డారు.

లిఫ్టు తలుపు తెరుచుకుని కాల్ ముగిశాక లైనక్క హెడ్‌సెట్ తీసి లేచి నిలబడింది. "ఆ అద్దం నాదే సార్. నాకు కళ్ళు సరిగ్గా కనబడవు. మీకు చెప్పకపోవడం నా తప్పే," అంది. ఆ గొంతు వణకడం నేను వినడం అదే మొదలు. 

మేనేజరు గారు స్క్రీను వంక, ఆమె వంక చూశారు. 

"స్టోర్లో లైట్లు కూడా సరిగ్గా లేవు," అన్నారు. "అక్కడ మీవల్ల కాదు. ఇక్కడే కూర్చోండి." అని నా వైపు తిరిగి, "ఆ రూలు తిరగరాయి. అలారం దాక్కోకూడదు, అంతే" అని వెళ్ళిపోయారు.

లైనక్క కుర్చీలో కూలబడి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, నేను మళ్ళీ తన భుజం మీద చెయ్యి వేయడం గమనించి నవ్వింది.

"తలుపు తెరుచుకుందిలేవే. ఇక నువ్వు లైను పెట్టెయ్," అంది.