ఆరు పాయింట్ ఎనిమిది

డాక్టర్ అసనుమ కంప్యూటర్ మీద నుంచి చూపు తిప్పకపోయేసరికి ఏదో తేడా ఉందని తెత్సుజికి అర్థమైంది. ఊపిరితిత్తిలో ఒక భాగం కోసి తీసేసి ఏడాదిన్నర. కణితి చిన్నది, తొలిదశలోనే దొరికింది, అదృష్టవంతుడివన్నారు అందరూ. అయినా మూడు నెలలకోసారి హచినొహె రేవు నుంచి బస్సెక్కి ఈ ఆసుపత్రికి వచ్చి రక్తం ఇవ్వక తప్పదు. ఆ రక్తంలో సీఈఏ అని ఒకటి కొలుస్తారు. అది అయిదు దాటిందంటే పాడు రోగం మళ్లీ తలెత్తిందేమోనని అనుమానం. ఇన్నాళ్లూ అది రెండు దగ్గరే బుద్ధిగా ఉంది.

"ఆరు పాయింట్ ఎనిమిది," అన్నాడు డాక్టరు.

నలభై ఏళ్లుగా కాపురం చేస్తున్న భార్య మిత్సుయే, పక్కన కుర్చీ ముందుకు జరుపుకుంది.

"ఈ ఒక్క అంకెతో తిరగబెట్టిందని చెప్పలేం. సిగరెట్లు కాల్చేవాళ్లలోనూ ఇది పెరుగుతుంది. దాచకుండా చెప్పండి తెత్సుజిగారూ, మళ్లీ మొదలుపెట్టారా?"

లేదు. ఆపరేషన్ అయిన నాటి నుంచి ఒక్కటంటే ఒక్కటి ముట్టలేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఇంతలో మిత్సుయే అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చెప్పవయ్యా! రేవులో పడవ ఇంజన్ల షెడ్డు వెనక ఆ పనికిమాలిన మూకతో కలిసి ఊదుతున్నావు కదూ? నేనేమీ అనను, ఒట్టు! కాల్చానని చెప్పు!"

సిగరెట్టు పెట్టె కంటపడితే మూడు రోజులు మాట్లాడని మనిషి! ఆ మనిషి ఇప్పుడు కాల్చానని చెప్పమని ప్రాధేయపడుతోంది.

"అప్పుడప్పుడూ... ఒకటీ అరా," అని గొణిగాడు తెత్సుజి.

"అయితే స్కాన్ ఇప్పుడే వద్దు. నెల రోజులు పూర్తిగా మానేసి రండి. మళ్లీ రక్తం చూద్దాం," అన్నాడు డాక్టరు.

వరండాలోకి వచ్చారో లేదో మిత్సుయే అందుకుంది. "సిగ్గులేదూ నీకు? అంత కోత కోయించుకున్నా బుద్ధి రాలేదా? ఈ నెలంతా సాకే సారా చుక్క కూడా పోయను, చూస్తూ ఉండు!" తిడుతూనే కళ్లు తుడుచుకుంది. మందుల కౌంటరు దగ్గరికి వెళ్లొస్తానని చెప్పి గబగబా నడిచింది.

తెత్సుజి బెంచీ మీద కూలబడ్డాడు. ఒంట్లో నిజంగా అదే ఉంటే, దానికి తన చేత్తో తాను నెల రోజులు గడువిచ్చినట్టే. బతకాలనుంది అతనికి. ఆవిడ తిరిగొచ్చేలోగా నిజం చెప్పేసి రావాలని లేచాడు.

డాక్టరు గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల మిత్సుయే గొంతు.

"అంతా అబద్ధం డాక్టరుగారూ. ఈ ఏడాదిన్నరా ఆయన చొక్కా ఒక్కటీ వాసన చూడకుండా ఉతకలేదు నేను. ఏనాడూ పొగ వాసన రాలేదు. నేను బతిమాలానని ఒప్పేసుకున్నాడు, వెర్రిమనిషి! కాసేపు నిజమేననుకుందామని చూశాను, నావల్ల కాలేదు. ఆ స్కానేదో రాసేయండి. నేను చెప్పానని మాత్రం ఆయనతో అనకండి."

తెత్సుజి తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు. మిత్సుయే గిరుక్కున తిరిగి చూసి, తిట్టబోయి ఆగిపోయింది.

"స్కాన్ ఎప్పుడు?" అని అడిగాడు తెత్సుజి.

"రేపు పొద్దున్నే," అన్నాడు డాక్టరు.

"వస్తాం," అంది మిత్సుయే.